పంతొమ్మిదో గవ్వ

ఆ ఆదివారం ఉదయం నేను ఒక అమ్మాయిని సముద్రం ఒడ్డుకు పంపాను. ఒక గవ్వ తెమ్మని పంపాను. నిజానికి గవ్వ కోసం కూడా కాదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు తెలియక, ఆ సంగతి మిగతా పిల్లలకు తెలిసిపోతుందని భయపడి పంపాను. భూమి కంపించి అప్పటికి ఎంతోసేపు కాలేదు. సునామీ అనే మాట మా దీవుల్లో మాలాంటి వాళ్ళెవరూ విని ఉండలేదు కాబట్టి, పంపడం వరకు నన్ను క్షమించేవాళ్ళు ఉండవచ్చు. ఆ తర్వాత చెప్పిన అబద్ధానికి ఆ సాకు చెల్లదు.

అప్పట్లో నేను హార్బర్‌కు ఇవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. అవతలి ఒడ్డున తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పొద్దున ఫెర్రీ ఎక్కి చాతంలో దిగడం, సాయంత్రం మళ్ళీ ఫెర్రీలో ఇంటికి రావడం. మా వైపు నుంచి అదే బడికి వచ్చే పదో తరగతి పిల్లలకు ఆదివారాలు మా వాకిట్లో పాఠం చెప్పేవాణ్ణి. దుకాణాలవాళ్ళ పిల్లలు, కాంట్రాక్టర్ల పిల్లలు వచ్చేవాళ్ళు. జెట్టీ పక్క వేటవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చేది ఆ అమ్మాయి ఒక్కతే. తండ్రి పడవ మీద వేటకు పోయేవాడు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఫెర్రీలో చాతం దాటి అమ్ముకొచ్చేది.

గవ్వల సంగతి ఒక మాట పొరపాటుతో మొదలైంది. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందని, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు వరుసలు వరుసలుగా, అంటే షెల్స్‌లో ఉంటాయని చెప్పి, "వచ్చేవారానికి అందరూ షెల్స్ రెడీ చేసుకుని రావాలి" అన్నాను. మా పుస్తకంలో దానికి కర్పరం అని పెద్ద మాట ఉంది. అది నాకే నోరు తిరిగేది కాదు, అందుకని షెల్ అనేవాణ్ణి. మా దీవుల్లో షెల్ అంటే ఏమిటో మాత్రం మరిచిపోయాను. తరువాతి ఆదివారం ఆ అమ్మాయి పాలపొడి డబ్బా నిండా గవ్వలు తెచ్చింది.

కాంట్రాక్టరు కొడుకు డబ్బాలోకి తొంగిచూసి, "అరే, దీదీ సముందర్ మొత్తం ఎత్తుకొచ్చేసింది సర్!" అన్నాడు. వాడిదీ ఆమెదీ ఒకటే వయసు. ఏడిపించడానికే దీదీ, అక్కా అనేవాడు.

అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. డబ్బా మూత పెట్టేయబోతే ఆపాను. వాకిట్లో రాలిన కొబ్బరి పిందె ఒకటి తీసుకుని మధ్యలో పెట్టి, ఇదే కేంద్రకం అన్నాను. చుట్టూ పుల్లతో వలయాలు గీయించాను. హైడ్రోజన్‌కు మొదటి వలయంలో ఒక గవ్వ. హీలియంకు రెండు. అక్కడితో ఆ వలయం నిండింది. లిథియం మూడో గవ్వ రెండో వలయంలోకి పోవాలి. ఇలా వారం వారం ఒక్కొక్క గవ్వ పెంచుకుంటూ, ఒక్కొక్క మూలకం దాటుకుంటూ పోయాం. ఎలక్ట్రాన్లు నిజంగా ఇలా గీతల మీద బుద్ధిగా కూర్చోవని చెప్పాను గాని, పిల్లలకు గవ్వలే ఎలక్ట్రాన్లు అయిపోయాయి. ఆ పద్ధతి నాదేనని బడిలో తోటి మాస్టర్ల దగ్గర గొప్ప చెప్పుకున్నాను. డబ్బా ఎవరిదో చెప్పలేదు.

ఏ షెల్‌లో ఎన్ని పడతాయో ఒక సూత్రం కూడా నేర్పాను. షెల్ వరుస సంఖ్యను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. మొదటిదానిలో రెండు, రెండోదానిలో ఎనిమిది, మూడోదానిలో పద్దెనిమిది. పిల్లలు పాటలా అప్పజెప్పేవాళ్ళు. క్రిస్మస్‌కు ముందు ఆదివారం ఆర్గాన్ దగ్గర ఆగాం: రెండు, ఎనిమిది, ఎనిమిది. తరువాతిది పొటాషియం. దానికి పంతొమ్మిది గవ్వలు కావాలి.

మా వైపు తెల్లవారడం తొందర. ఎండ ఎక్కకముందే పాఠం అయిపోవాలని పిల్లల్ని పెందలాడే రమ్మనేవాణ్ణి. క్రిస్మస్ మర్నాడు ఆదివారం. పిల్లలు వరండాలో కూర్చుంటూ ఉన్నారు. ముందు నెత్తిమీద రేకులు మోగాయి. ఎవరో కప్పు మీద పరిగెత్తినట్టు అనిపించింది. నీళ్ళ డ్రమ్ము దానంతట అదే ఊగి వాకిట్లోకి నీళ్ళు చిమ్మింది. కొబ్బరి చెట్లు గాలి లేకుండా ఒకదాని తల ఒకటి కొట్టుకుంటున్నాయి. "బయటికి రండి, బయటికి!" అని అరిచాను. నిలబడటం చేతకాక అందరం వాకిట్లో నేలమీద చతికిలపడ్డాం. ఎంతకీ ఆగలేదు. ఆగాక చూస్తే వరండా గోడ పైనుంచి కిందికి చీలింది.

ఒకరిద్దరు పిల్లలు ఏడుస్తున్నారు.  నాకూ భయంగానే ఉంది గాని, మాస్టారు ఆ సంగతి కనపడనివ్వకూడదు అనుకున్నాను. "ఇంట్లోకి ఎవరూ పోవద్దు. మళ్ళీ కదిలినా బయట ఉంటే ఏం కాదు. ఇక్కడే పాఠం చెప్పుకుందాం" అన్నాను. పిల్లలకు ధైర్యం చెప్పడానికే అలా అన్నాను, అందులో తప్పు లేదు. అయితే భూకంపం వచ్చినా పాఠం ఆపని మాస్టారు అనిపించుకోవాలన్న కోరిక కూడా అందులో ఉంది.

కుదుపుకు డబ్బా పడి గవ్వలు వాకిలంతా చెదిరాయి. ఏరి లెక్కబెడితే పద్దెనిమిదే దొరికాయి. ఆ అమ్మాయి వలయాల దగ్గర గొంతుక్కూర్చుని రెండు, ఎనిమిది, ఎనిమిది పేర్చింది. చేతిలో ఇంకేం మిగల్లేదు. నేను పుల్లతో నాలుగో వలయం గీశాను.

"అదెందుకు సర్?" అంది.

"పొటాషియంకు పంతొమ్మిదోది నాలుగో షెల్‌లోకి పోతుంది."

"మూడోదాన్లో పద్దెనిమిది పడతాయన్నారు కదా సర్. ఎనిమిదే ఉన్నాయి. ఇంకా అంత జాగా ఉండగా బైటికెందుకు పోవాల?"

అది నేను చదువుకున్నప్పుడు అడగని ప్రశ్న. చెప్పినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న. చివరి షెల్‌లో ఎనిమిదికి మించి ఉండవు అని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. అదే చెప్పాను.

"ఎందుకుండవు సర్? మరి పద్దెనిమిది అనెందుకన్నారు?"

వెనకనుంచి కాంట్రాక్టరు కొడుకు మెల్లగా అన్నాడు. "సర్‌కే మాలూమ్ నహీ, తెలీదు."

పిల్లలు నవ్వారు. భయం తీరి నవ్విన నవ్వే అది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టు తగిలింది. "ముందు గవ్వలు సరిగ్గా తేవడం నేర్చుకో. తర్వాత ప్రశ్నలు అడుగుదువు గాని. పో, ఒడ్డుకు పోయి ఒకటి పట్టుకురా. అది తెస్తే చెప్తాను" అన్నాను.

ఆమె లేచి నిలబడి, "మళ్ళీ కదుల్తాదేమో సర్" అంది.

"కదిలితే ఒడ్డే నయం. నెత్తిన పడటానికి అక్కడ గోడలు లేవు."

ఆ అమ్మాయి చెప్పులేసుకుని వెళ్ళింది. నేను గీసిన నాలుగో వలయం ఖాళీగా ఉంది.

మా వాకిలి కొంచెం మెరక మీద ఉండేది. ఒడ్డుకు మాకు మధ్య దుకాణాల వరుస, కొబ్బరి చెట్లు అడ్డం. కొంతసేపటికి జెట్టీ వైపు గోల వినిపించింది. కాంట్రాక్టరు కొడుకు ప్రహరీ గోడ ఎక్కి చూసి ఇటు తిరిగాడు. వాడి మొహంలో ఎగతాళి లేదు.

"సర్, సముద్రం లేదు."

"లేదంటే?"

"ఖాళీ అయిపోయింది సర్. బోట్లన్నీ బురదలో పడుకున్నాయి."

నేనూ గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఎప్పుడూ నీళ్ళుండే చోట నల్లటి బురద, రాళ్ళు. జనం చేపలు ఏరుకుంటున్నారు. వాళ్ళకు దూరంగా లోపలికి వెళ్ళి ఒంగి ఏరుతున్న ఆ అమ్మాయి ఆకుపచ్చ పరికిణీ కనిపించింది. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. పోనీలే, ఈసారి డబ్బా నిండుతుంది అనుకున్నాను. పిలవలేదు.

ఆ తరువాత జెట్టీ మీంచి ఎవరో "భాగో! పానీ!" అని, నీళ్ళొస్తున్నాయి పరిగెత్తమని అరవడం వినపడింది. అల లేచి విరుచుకుపడుతుందని అందరూ అనుకుంటారు. మేం చూసింది అది కాదు. పాలు పొంగినట్టు నీళ్ళు పొంగి, ఆగకుండా పైకి వచ్చాయి. బురదలో ఒరిగిన పడవలు లేచి, తాళ్ళు తెంపుకుని ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దుకాణాల మధ్యకు వచ్చాయి. జెట్టీ మునిగిపోయింది. ఆకుపచ్చ పరికిణీ ఉన్న చోట ఏమీ లేదు.

నేను కిందికి పరిగెత్తలేదు. పిల్లల్ని చేతులు పట్టి లాగి వెనకున్న గుట్ట ఎక్కించాను. ఆ పని తప్పని ఇప్పటికీ అనుకోను. పరిగెత్తినా ఏం చేయగలిగేవాణ్ణి కాదు. అయితే ఆ గుట్ట మీద నన్ను నేను ఊరడించుకోవడానికి ఆ మాట ఎంత త్వరగా దొరికిందో గుర్తుంది.

నీళ్ళు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. గుట్ట మీదికి జనం చేరారు. పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి బిడ్డను పట్టుకుని ఏడ్చి, నాకు దణ్ణం పెట్టారు. "మాస్టారు లేకపోతే మా పిల్లలేమైపోదురో" అన్నారు. కాంట్రాక్టరు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి తల్లి. నడుం దాకా బురద, తలలో నాచు, చేతిలో గంప లేదు. పిల్లల మొహాలన్నీ వరసగా చూసుకుంటూ నా ముందుకు వచ్చింది.

"మాస్టారూ, మా గుంటేది?"

నేను పిల్లల వైపు తిరిగాను.

"పొద్దున మీ దగ్గిరికే ఒచ్చింది. ఏది బాబూ?"

"ఒడ్డుకు వెళ్ళింది" అన్నాను.

"భూమి అంతలాగ ఊగితే ఒడ్డుకేటి పని? ఎవులెల్లమన్నారు?"

చుట్టూ అందరూ నా వైపే చూస్తున్నారు. కాంట్రాక్టరు ఇంకా నా చేతులు వదల్లేదు.

"తనే వెళ్ళింది" అన్నాను. "గవ్వలు ఏరుకుంటానని, చెప్పకుండా వెళ్ళిపోయింది."

నా వెనకే పిల్లలున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. మాస్టారి మాటకు ఎదురు చెప్పకూడదని నేర్పింది నేనే.

తల్లి గుండెలు బాదుకుంటూ, "ఓలమ్మా! నా మాటింటేనా ఈ గుంట!" అని కిందికి పరిగెత్తింది. మగవాళ్ళు ఇద్దరు వెళ్ళి పట్టుకున్నారు.

మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి దొరికింది. హార్బర్‌లో కొట్టుకుపోతున్న పెద్ద దుంగ ఒకదాని మీద బోర్లా పడి ఉంటే, చిన్న డింగీ పడవలో పోతున్న వాళ్ళెవరో చూసి తెచ్చారు. ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగింది. ఊపిరి ఉంది, కళ్ళు తెరిచి ఉన్నాయి, మాట లేదు. తండ్రి పడవ లోతు నీళ్ళలో ఉండబట్టి అతనికేమీ కాలేదు. ఆమె బతికిందని తెలిసి అందరితోపాటు నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషం ఎంతో, ఆమె మాట్లాడితే ఏమవుతుందోనన్న భయం ఎంతో విడదీసి చెప్పలేను.

ఆమె మాట్లాడింది. కొన్నాళ్ళ తరువాత, తల్లి తిడుతుంటే, "మాస్టారే ఎల్లమన్నారు" అందట. తల్లి నమ్మలేదు. అందరి పిల్లల్నీ కాపాడిన మాస్టారి మీద నింద వేస్తావా అని ఇంకో రెండు తగిలించిందట.

ఆ ప్రళయం తరువాత బాంబూఫ్లాట్ నేల కుంగింది. పోటు వచ్చినప్పుడల్లా జెట్టీ పక్క ఇళ్ళలోకి ఉప్పునీళ్ళు రావడం మొదలైంది. వేటవాళ్ళను గుట్ట మీది టిన్ షెడ్లలోకి మార్చారు. మా వాకిట్లోకి కూడా నీళ్ళు వస్తున్నాయని చెప్పి నేను అవతలి ఒడ్డున డైరీ ఫార్మ్ అనే పేటలో ఇల్లు తీసుకున్నాను. నీళ్ళు వచ్చిన మాట నిజమే. అసలు కారణం మాత్రం ఆ షెడ్లు. బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కడమే మానేశాను. బడి తెరిచాక ఆ అమ్మాయి చోటు ఖాళీగా ఉండేది. ఎందుకు రావడం లేదని నేను అడగలేదు. అడిగితే ఎవరైనా చెప్తారేమోనని.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒకరోజు క్లాసులో పాత పాఠాలు తిరగేస్తూ బోర్డు మీద పొటాషియం రాశాను: రెండు, ఎనిమిది, ఎనిమిది, ఒకటి. కాంట్రాక్టరు కొడుకు లేచి నిలబడ్డాడు.

"సర్, డౌట్. మూడోదాంట్లో జాగా ఉండగా పంతొమ్మిదోది నాలుగోదాంట్లోకి ఎందుకు పోతుంది?"

వాడికి చదువు మీద అంత శ్రద్ధ లేదు. ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. ఆ ఆదివారం మా వాకిట్లో ఉన్న పిల్లలందరూ పుస్తకాల్లోంచి తలలెత్తారు.

"అది సిలబస్‌లో లేదు. కూర్చో."

వాడు కూర్చోలేదు. "గవ్వ తెస్తే చెప్తానన్నారు కదా సర్."

 గంట కొట్టేదాకా బోర్డు వైపే తిరిగి ఏదో రాస్తూ ఉన్నాను.

సాయంత్రం వాడు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఈసారి గొంతులో పొగరు లేదు.

"సర్, ఆమెను ఊరికి పంపేస్తున్నారు. షిప్‌కి టికెట్ కూడా దొరికింది. వచ్చేవారం వైజాగ్ షిప్. అక్కడ వాళ్ళ అత్త దగ్గర ఎండుచేపల పని. మాట వినని పిల్లకి చదువెందుకని వాళ్ళ అమ్మ అంటోంది. బస్ ఇత్నా హీ, అంతే. చెప్పాలనిపించింది."

"మీరెవరూ చెప్పలేదా, ఏం జరిగిందో?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "మీరు చెప్పలేదని మేమూ చెప్పలేదు సర్."

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా లైబ్రరీకి వెళ్ళాను. కాలేజీ వాళ్ళు చదివే రసాయనశాస్త్రం పుస్తకం తీసి పొటాషియం ఎక్కడుందో వెతికాను. జవాబు అరపేజీ కూడా లేదు. ఇన్నేళ్ళూ చేయి చాపితే అందేంత దూరంలో ఉంది.

ఆదివారం చాతంలో ఫెర్రీ ఎక్కాను. చెక్కబల్ల మీద కూర్చున్నానే గాని నీళ్ళ వైపు చూడలేకపోయాను. అవతల దిగి గుట్ట ఎక్కేసరికి షెడ్ల ముందు కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో వరుస కట్టి ఉన్నారు. ఆ అమ్మాయి తల్లి నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఏటి మాస్టారూ, దారి తప్పేరా? పెద్దోళ్ళు మా రేకుల షెడ్డులకేటి ఒచ్చేరు? ఒలే గుంటా, కుర్చీ లేదు గాని ఆ డబ్బా బోర్లించు."

"కూర్చోవడానికి రాలేదమ్మా. ఒక మాట చెప్పాలి."

"సెప్పండి."

పక్కకు రమ్మందామనుకున్నాను. అబద్ధం అందరి ముందు చెప్పి, నిజం పక్కకు పిలిచి చెప్పడమేమిటి అనిపించింది. "ఆ రోజు మీ అమ్మాయి తనంతట తాను వెళ్ళలేదు. ఒడ్డుకు నేనే పంపాను. వెళ్ళడానికి భయపడుతుంటే తిట్టి పంపాను. గుట్ట మీద మీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టలేదు.

 ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"మీరు సెప్పేరని ఇన్నాల్లూ ఆ గుంటని తిట్టేను" అంది. "ఇరిగిన సెయ్యి కట్టుతో ఉంటే కొట్టేను కూడాను. అది సెప్పింది. నాను నమ్మలేదు. మాస్టారు అబద్దమాడతారేటే అన్నాను. ఇప్పుడు నాను దానికేటి సెప్పాల? మీరే సెప్పండి."



షెడ్డు గుమ్మంలోంచి ఆ అమ్మాయి బయటికి వచ్చింది. ఎడమ చెయ్యి అతుక్కుంది గాని కొద్దిగా వంకర ఉండిపోయింది. తల్లి వైపు చూడలేదు. నన్నే అడిగింది.

"సర్, ఆ రోజు జవాబు మీకు తెలీదా?"

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న అదే. "తెలీదు" అన్నాను. "తెలీకే పంపాను."

"అదే అనుకున్నాను" అంది. కోపంగా అనలేదు. లెక్క సరిపోయినప్పుడు అనే మాటలా అంది. తరువాత, "ఇప్పుడు తెలుసా?" అంది.

"తెలుసు."

మట్టిలో వేలితో వలయాలు గీశాను. గవ్వలు అని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఆమె షెడ్డు వెనక్కి పోయి సోడా సీసాల మూతలు ఏరుకొచ్చింది. గవ్వలు ముట్టుకోవడం మానేసిందని తరువాత తల్లి చెప్పింది. మూతలు రెండు, ఎనిమిది, ఎనిమిది పేర్చి, పంతొమ్మిదోది చేతిలో పట్టుకుని కూర్చుంది.

"షిప్పులో బంక్ క్లాసు చూశావు కదా?" అన్నాను. "కింద బెర్తు, మధ్య బెర్తు, పై బెర్తు ఉంటాయి. షెల్ అంటే ఒకటే వరుస అని నేను మీకు చెప్పింది పూర్తి నిజం కాదు. ఒక్కో షెల్ ఒక గది అనుకో. మూడో గదిలో కింద రెండు చోట్లు, మధ్యలో ఆరు, బాగా పైన పది. మొత్తం పద్దెనిమిది. కిందవీ మధ్యవీ నిండాయి, ఎనిమిది. ఇప్పుడు ఇంకొకరు వచ్చారు. మూడో గదిలో పై బెర్తులే మిగిలాయి. అవి ఎంత ఎత్తంటే, పక్కనున్న నాలుగో గదిలో కింద బెర్తు అంతకన్నా తక్కువ ఎత్తులో ఉంది. ఎలక్ట్రాన్‌కు ఎత్తు అంటే శక్తి. తక్కువ శక్తి సరిపోయే చోటు ముందు చూసుకుంటుంది. అందుకని నాలుగో గదికి పోతుంది."

తల్లి బిందె పక్కన పెట్టి వింటోంది. "షిప్పుల టికెట్టు దొరకడమే గగనం. ఇవి బెర్తులేరుకుంతాయేటి?" అంది. కుళాయి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆలోచిస్తోంది. "నాలుగో గదిలో కింది బెర్తుకి ఇద్దరే కదా సర్. ఇరవైకి నిండిపోతాది. మరి ఇరవై ఒకటోది?"

"అది మళ్ళీ మూడో గదికి వచ్చి పై బెర్తు ఎక్కుతుంది."

"అయితే ఆ జాగా ఉత్తినే లేదు" అంది. "ఎవులో ఒకలు ఎక్కుతారు." పంతొమ్మిదో మూతను నాలుగో వలయంలో పెట్టింది.

నేను తల్లి వైపు తిరిగాను. "ఈమెను షిప్పు ఎక్కించకండి. బడికి పంపండి. ఈ ఏడు పోయింది, వచ్చే ఏడు పదో తరగతి మళ్ళీ చదువుతుంది."

"మీరొచ్చి సెప్పేసి ఎలిపోతే అయిపోద్దేటి?" ఆమె గొంతు అప్పుడు లేచింది. "నాకు సెప్పేరు, సరే. ఆ రోజు గుట్ట మీదున్నోళ్ళందరూ నా గుంట మాటినదనుకుంతన్నారు. ఆలకెవులు సెప్తారు? ఇంకోటి. ఇది పడవెక్కదు. జెట్టీ కనిపిత్తే కాళ్ళు బిగిసిపోతాయి. షిప్పైతే ఒక్కపాలి సచ్చినట్టు ఎక్కితే అయిపోద్ది. బడి అవతలుంది. రోజూ ఎవులెక్కిత్తారు?"

"అందరికీ నేనే చెప్తాను. ఫెర్రీ కూడా నేనే ఎక్కిస్తాను" అన్నాను.

ఆమె నమ్మలేదు. నమ్మాలని నేనూ అడగలేదు. షిప్పు ఆ వారం వెళ్ళింది. టికెట్టు ఎవరికో ఇచ్చేశారు.

ముందు ఇళ్ళకు వెళ్ళాను. మా వాకిట్లో చదివిన పిల్లల ఇళ్ళన్నిటికీ వెళ్ళి, ఆ రోజు ఏం చేశానో, ఏం చెప్పానో చెప్పాను. కొందరు తల దించుకున్నారు. ఒకావిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కాంట్రాక్టరు మాత్రం, "ఛోడియే మాస్టారూ, వదిలేయండి, ఆ రోజు ఎవరి మతి ఎవరికుంది? అందరూ ఎప్పుడో మరిచిపోయారు" అన్నాడు. వాళ్ళు మరిచిపోవడానికి నా తప్పు అసలు వాళ్ళకు తెలిస్తే కదా. ఆ పిల్ల మీద పడ్డ మాటను మాత్రం ఎవరూ మరవలేదు. ఆ సంగతే అతనికి చెప్పాను. కొడుకు పక్కనే నిలబడి వింటున్నాడు. నేను వెళ్ళేటప్పుడు గేటు తీసి పట్టుకున్నాడు.

కొత్త తరగతులు మొదలైన రోజు డైరీ ఫార్మ్ నుంచి మొదటి బస్సుకు చాతం వెళ్ళి, మొదటి ఫెర్రీలో బాంబూఫ్లాట్‌కు దాటాను. తల్లీకూతుళ్ళు జెట్టీ మొదట్లో నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి అక్కడినుంచి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఫెర్రీ వెళ్ళిపోయింది. ఆమె ఇంటికి వెళ్ళింది, నేను తరువాతి ఫెర్రీలో ఆలస్యంగా బడికి వెళ్ళి మాటలు పడ్డాను. మర్నాడు జెట్టీ సగం దాకా వచ్చింది. ఆ వారమంతా అంతే. ఒకరోజు తల్లి గంప దించి, కూతురి చెయ్యి నా చేతిలో పెట్టకుండా, తనే పట్టుకుని ఫెర్రీలోకి దింపింది. నన్ను ఎదురుగా కూర్చోమంది. అవతలి ఒడ్డు చేరేదాకా ఆ పిల్ల కళ్ళు మూసుకునే ఉంది. నీళ్ళు చూడకుండా ఉండటానికి మూలకాలు వరుసగా అప్పజెప్పమన్నాను. ఇరవై ఒకటి దగ్గర కళ్ళు తెరిచింది.

ఆ ఏడాదంతా పొద్దున అటు దాటి, ఆమెతో ఇటు దాటేవాణ్ణి. సాయంత్రం అటు దించి, ఒక్కణ్ణే వెనక్కి వచ్చేవాణ్ణి. ఆమె దారిలో ప్రశ్నలు అడిగేది. తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివి తెలియవనే చెప్పేవాణ్ణి. "మరి రేపు చెప్పండి" అనేది. ఆ రేపటి కోసం లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి.

వానాకాలం పోయాక ఒక పొద్దున నా బస్సు ఆలస్యమైంది. పరిగెత్తి ఫెర్రీ అందుకున్నాను. హార్బర్ మధ్యలో ఎదురు ఫెర్రీ మమ్మల్ని దాటుతుంటే చూశాను. రెయిలింగ్ పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని ఆ అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన తల్లి లేదు. వంకర చేత్తో రెయిలింగ్ గట్టిగా పట్టుకుని నీళ్ళ వైపే చూస్తోంది. నన్ను చూసింది. చెయ్యి ఊపలేదు. ఆ చెయ్యి రెయిలింగ్‌కు కావాలి.

ఇకమీదట రావద్దని ఆమె అనలేదు, రమ్మనీ అనలేదు. మర్నాడు కూడా నేను మొదటి ఫెర్రీలోనే అటు దాటి, ఆమె ఎక్కిన ఫెర్రీలో కాస్త దూరంగా, ఆమెకు కనిపించే చోట కూర్చున్నాను.